గవర్నరు మనకు దిక్కా?

పోయిన నెల సంచికలో పాఠకుల లేఖల పుటలో వచ్చిన ఒక ఉత్తరం నా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది. ఆ మిత్రుడి వాదం సూటిగానే ఉంది. రాష్ట్రేతరాంధ్రుల గోడు ఏ రాష్ట్ర ప్రభుత్వమూ పట్టించుకోదు. ఏ పార్టీ గెలిచినా అది అక్కడి మెజారిటీ భాషవాళ్ళ పార్టీయే. కాబట్టి ఆ ప్రభుత్వాలకు ముకుతాడు వెయ్యగల గవర్నరే మనకు దిక్కు. గవర్నరుకు ఎంత అధికారం ఉంటే మనకు అంత రక్ష. బిల్లుల విషయంలో గవర్నర్లకు గడువు విధించడం కుదరదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పడం మనబోటివాళ్ళకు శుభవార్త. ఇదీ ఆయన రాసింది. తెలుగు సంఘాలన్నీ తమ తమ రాజ్‌భవన్‌లకు అర్జీలు పట్టుకుపోవాలని సలహా కూడా ఇచ్చారు.

ఆయన బాధ నా బాధే. మాది తరతరాలుగా హోసూరు. మా తాతలు తెలుగులో దస్తావేజులు రాసుకున్న ఊళ్ళోనే మా పిల్లల తెలుగు బడికి పంతులు లేడు. అయినా ఆ వాదాన్ని నేను ఒప్పుకోలేను. ఒప్పుకోకపోవడమే కాదు, అది కొరివితో తల గోక్కోవడమని చెప్పదలచుకున్నాను.

నేను లాయరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి ముప్పై ఏళ్ళు దాటింది. ఏ సంతకానికి ఎంతవరకు అధికారమో రూలు పుస్తకంలో చూసుకుని ఆ మేరకు సంతకం పెట్టడం నా వృత్తి. రాజ్యాంగాన్ని కూడా ఆ కంటితోనే చదివాను. ఆ కంటికి కనబడినది కనబడినట్టు చెబుతాను.

గవర్నరును నియమించేది 155వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి. అంటే ఆచరణలో ఢిల్లీలోని మంత్రిమండలి. 156 ప్రకారం పదవీకాలం ఐదేళ్ళు. కాని అది రాష్ట్రపతికి ఇష్టమున్నంత కాలమే. 163 ప్రకారం ఆయన రాష్ట్ర మంత్రిమండలి సలహా మీద నడుచుకోవాలి, రాజ్యాంగం ప్రత్యేకంగా విచక్షణ ఇచ్చిన చోట తప్ప. ఇక శాసనసభ ఆమోదించిన బిల్లు తన దగ్గరికి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పేది 200వ అధికరణం. ఆమోదముద్ర వెయ్యవచ్చు. ఆమోదం నిలిపి, కారణం చెప్పి సభకు తిప్పి పంపవచ్చు. రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. తిప్పి పంపిన బిల్లును సభ మళ్ళీ ఆమోదిస్తే ఆయన ఇక నిరాకరించకూడదు. ద్రవ్య బిల్లు అయితే తిప్పి పంపే వీలే లేదు.

ఇది మా కౌంటర్లలో చెక్కు సంగతి వంటిదే. ఖాతాదారు చెక్కు ఇస్తే పాస్ చెయ్యాలి. లేదా కారణం రాసిన మెమో జతచేసి వాపసు ఇవ్వాలి. పరిధి దాటిన విషయమైతే పై ఆఫీసుకు పంపాలి. చెక్కును సొరుగులో వేసి తాళం పెట్టుకునే మేనేజరును నేను నా సర్వీసులో చూడలేదు. ఉంటే, అతను ఆ కుర్చీలో వారం రోజులు కూడా ఉండడు. మా బ్యాంకుల్లో కూడా విచక్షణాధికారం అనే మాట ఉంది. ఏ హోదా అధికారి ఎంతవరకు అప్పు మంజూరు చెయ్యవచ్చునో ఒక పుస్తకంలో అచ్చు వేసి ఉంటుంది. ఆ విచక్షణతో ఇచ్చిన ప్రతి అప్పుకూ నెలాఖరున స్టేట్‌మెంటు పంపాలి, ఆడిటరుకు జవాబు చెప్పాలి. హద్దూ లెక్కా లేనిదాన్ని మేము విచక్షణ అనం.

హద్దూ లెక్కా లేకపోతే ఏం జరుగుతుందో తమిళనాడులో చూశాం. శాసనసభ ఆమోదించిన పది బిల్లులు రాజ్‌భవన్‌లో ఆగిపోయాయి. వాటిలో కొన్ని 2020 నాటివి. ఎక్కువ భాగం విశ్వవిద్యాలయాలకు సంబంధించినవి. బిల్లును ఊరికే తొక్కిపట్టడం గవర్నరుకు తగదని 2023 నవంబరు 10న పంజాబు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మూడు రోజులకు, 13న, తమిళనాడు గవర్నరు ఆ పది బిల్లులకూ ఆమోదం నిరాకరించారు. 18న సభ ప్రత్యేకంగా సమావేశమై వాటిని మళ్ళీ ఆమోదించింది. ఇక సంతకం తప్ప దారి లేని స్థితిలో, 28న, ఆయన వాటిని రాష్ట్రపతికి పంపించారు. ఇది చట్టవిరుద్ధమని 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పి, ఆ పది బిల్లులు ఆమోదం పొందినట్టే ప్రకటించి, ఇకమీదట గవర్నర్లకు గడువులు పెట్టింది. దాని మీద రాష్ట్రపతి పద్నాలుగు ప్రశ్నలు పంపితే, అదే సంవత్సరం నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తులు అభిప్రాయం చెప్పారు. కోర్టు గడువులు విధించడం కుదరదు. ఆమోదం పొందినట్టే అని కోర్టు అనుకోవడమూ కుదరదు. మా మిత్రుడు ఇంతవరకే చదివి సంతోషించారు. మిగతాది కూడా చదవాలి. కారణం చెప్పకుండా బిల్లును ఆపుకునే హక్కు గవర్నరుకు లేదని అదే అభిప్రాయం చెప్పింది. కారణం లేకుండా ఏళ్ళూపూళ్ళూ జాగు చేస్తే, తగిన కాలంలో ఏదో ఒకటి తేల్చమని కోర్టు ఆదేశించవచ్చునని కూడా చెప్పింది. అంటే సొరుగుకు తాళం వేసుకునే హక్కు ఎవరూ ఇవ్వలేదు. ఎన్నాళ్ళలో తెరవాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఈ సందు మనకు శుభవార్త ఎలా అవుతుంది?

ఆ తగవుల్లో మనకు సంబంధం లేదనుకోవద్దు. వైస్‌ఛాన్సలర్లను ఎవరు నియమించాలన్న పేచీలో మద్రాసు విశ్వవిద్యాలయం 2023 ఆగస్టు తర్వాత ఏళ్ళ తరబడి వైస్‌ఛాన్సలరు లేకుండానే నడిచింది. తమిళదేశంలో తెలుగు పరిశోధనకు పేరు మోసిన తెలుగు శాఖ ఉన్న చోటు అది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్న సామెత మనకు ఊరికే పుట్టలేదు. వరం ఆగిపోయినప్పుడు తమిళుడి పిల్లలూ తెలుగువాడి పిల్లలూ ఒకే వరసలో నిలబడి ఎదురుచూస్తారు.

గవర్నరు అల్పసంఖ్యాకులను కాపాడే అధికారి అన్న ఊహ ఎక్కడి నుంచి వచ్చింది? గాలిలోంచి రాలేదు. 1935 నాటి బ్రిటిషు చట్టంలోని 52వ సెక్షనులోంచి వచ్చింది. అల్పసంఖ్యాకుల న్యాయమైన ప్రయోజనాలను కాపాడటం గవర్నరు 'ప్రత్యేక బాధ్యత' అని అందులో రాశారు. దాని కోసం మంత్రుల సలహాను తోసిరాజనే అధికారం ఇచ్చారు. అది మన మీద ప్రేమతో చేసిన పని కాదు, తగువు తీర్పరి కుర్చీ తమకే ఉంచుకోవడానికి చేసిన పని. 1937 ఎన్నికల్లో మద్రాసులోనూ ఒరిస్సాలోనూ కాంగ్రెసు గెలిచి కూడా, గవర్నర్లు ఆ ప్రత్యేక అధికారాలు వాడబోరన్న హామీ వచ్చేదాకా మంత్రివర్గాలు ఏర్పాటు చెయ్యలేదు. ఆ మూడున్నర నెలలూ మద్రాసులో కూర్మా వెంకటరెడ్డి నాయుడు, ఒరిస్సాలో పర్లాకిమిడి మహారాజా తాత్కాలిక మంత్రివర్గాలు నడిపిన సంగతి మన పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

స్వతంత్ర రాజ్యాంగం రాసినవాళ్ళు ఆ ప్రత్యేక బాధ్యతను తెలిసే వదిలేశారు. 1947లో గవర్నరును ప్రజలే ఎన్నుకోవాలని రాజ్యాంగ సభ మొదట అనుకుంది. 1949 మే నెలలో మనసు మార్చుకుంది. ప్రజలు ఎన్నుకుంటే ఆయన ముఖ్యమంత్రికి పోటీ అవుతాడు, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అన్నది అప్పటి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. అందుకని నియామకం చాలన్నారు. గవర్నరు స్వయంగా నిర్వహించే అధికారాలంటూ ఏమీ ఉండవనీ, ఉన్నవి కొన్ని విధులేననీ అంబేద్కర్ సభలో చెప్పారు. పోటీ వద్దని ఎన్నిక తీసేసినప్పుడు, ఎన్నిక లేకుండానే పోటీకి దిగడం ఏ లెక్కన న్యాయం?

మరి భాషా అల్పసంఖ్యాకులకు రాజ్యాంగం ఏమీ ఇవ్వలేదా? ఇచ్చింది. 29, 30 అధికరణాలు మన భాషను కాపాడుకునే హక్కునూ, మన బడులు మనం పెట్టుకునే హక్కునూ ఇచ్చాయి. భాషారాష్ట్రాలు ఏర్పడిన 1956లో ఏడవ సవరణ ద్వారా 350ఎ, 350బి చేరాయి. మొదటిది ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమని రాష్ట్రాలను కోరుతుంది. దాని కోసం రాష్ట్రపతి రాష్ట్రాలకు ఆదేశాలివ్వవచ్చు. రెండవది భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారిని పెడుతుంది. ఆయన నివేదిక రాష్ట్రపతికి, అక్కడి నుంచి పార్లమెంటు ఉభయసభలకు, రాష్ట్ర ప్రభుత్వాలకు వెళుతుంది. సరిగ్గా మన కోసమే రాసిన ఈ రెండు అధికరణాల్లో గవర్నరు అన్న మాట ఒక్కసారి కూడా లేదు. మన తగవు తీర్చే పని ఆయనకు అప్పగించలేదని ఇంతకంటె స్పష్టంగా ఎలా చెబుతారు?

ఇక మనవాళ్ళలో ఉన్న మరో బలహీనత సంగతి. తెలుగువాడు గవర్నరుగా వచ్చాడంటే మన సంఘాలు దండలు పట్టుకుని బయలుదేరతాయి. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి మైసూరుకు గవర్నరుగా వెళ్ళడం మనకు గర్వమే. గర్వపడటం వేరు, దాని మీద లెక్క వేసుకోవడం వేరు. కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని 1959 జూలై 31న రద్దు చేసినప్పుడు అక్కడి గవర్నరు బూర్గుల రామకృష్ణారావు. బహుభాషావేత్త, పండితుడు, మనవాడు. కర్ణాటకలో బొమ్మై ప్రభుత్వాన్ని 1989 ఏప్రిల్ 21న రద్దు చేసినప్పుడు అక్కడి గవర్నరు పెండేకంటి వెంకటసుబ్బయ్య. ఆయనా మనవాడే, కర్నూలు జిల్లావాడు. పందొమ్మిది మంది ఎమ్మెల్యేలు మద్దతు ఉపసంహరించుకున్నారన్న లేఖలు నమ్మి నివేదిక పంపారు. వాళ్ళలో ఏడుగురు మర్నాడే మాట మార్చినా, సభలో బలం నిరూపించుకుంటానని ముఖ్యమంత్రి అడిగినా వినలేదు. మెజారిటీ తేలవలసిన చోటు శాసనసభే గాని రాజ్‌భవన్ కాదని 1994 మార్చి 11న సుప్రీంకోర్టు చెప్పిన బొమ్మై తీర్పు ఈ తప్పులోంచే పుట్టింది.

పోనీ తెలుగుదేశంలో తెలుగువాళ్ళకు గవర్నరు ఏం చేశారు? 1984 ఆగస్టు 16న రామ్‌లాల్ గారు, సభలో బలం నిరూపించుకునే అవకాశం ఇవ్వకుండా ఎన్.టి.రామారావును దింపేశారు. నేనప్పుడు హైస్కూలు పిల్లవాణ్ణి. ఆ ఎమ్మెల్యేలకు కర్ణాటక ఆశ్రయమిచ్చింది. సరిహద్దుకు ఇవతల మా ఊళ్ళో కూడా రేడియోల చుట్టూ జనం మూగేవారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగువాళ్ళం ఆ నెల రోజులు అంత తొందరగా మరిచిపోతే ఎలా?

ఇప్పుడు మాకు నేరుగా తగిలిన దెబ్బ సంగతి. 2006లో తమిళనాడు తమిళ విద్యాభ్యాస చట్టం చేసింది. ఆ ఏడాది ఒకటో తరగతిలో తమిళం తప్పనిసరి అయ్యింది. ఏడాదికొక తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16లో పదో తరగతికి చేరింది. అందులో ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు చట్టం మెట్లెక్కిన ఐదేళ్ళూ, 2011 ఆగస్టు నుంచి 2016 ఆగస్టు వరకు, చెన్నై రాజ్‌భవన్‌లో ఉన్నది కొణిజేటి రోశయ్యగారు. అచ్చమైన తెలుగువాడు, వక్త. చట్టం ఒక్క మెట్టు కూడా ఆగలేదు. ఆయనను నేను తప్పుపట్టడం లేదు. ఆపే అధికారం ఆయనకు లేదు, ఉండకూడదు కూడా. సభ చేసిన చట్టాన్ని తన భాష మీద అభిమానంతో ఆపే గవర్నరు, రేపు తన పార్టీ మీద అభిమానంతో మరొకదాన్ని ఆపుతాడు. మన పిల్లలకు పరీక్షల్లో ఊరట దొరికింది ఎక్కడ? హైకోర్టులో, సుప్రీంకోర్టులో, కొన్ని అల్పసంఖ్యాక పాఠశాలలు కాళ్ళరిగేలా తిరిగి తెచ్చుకున్న మినహాయింపుల్లో.

మా మిత్రుడి తరఫున ఒక గట్టి ఉదాహరణ ఉంది. ఆయన చెప్పకపోయినా నేనే చెబుతాను. 2015లో కేరళ శాసనసభ మలయాళ భాషా బిల్లు చేసింది. కాసరగోడు కన్నడిగులు, అక్కడి తమిళులు భయపడ్డారు. బిల్లు రాష్ట్రపతి దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగి చట్టం కాకుండా పోయింది. చూశారా, పైవాడు ఆపితే అల్పసంఖ్యాకులు బతికారు కదా అనవచ్చు. కాని పదేళ్ళకు, 2025లో, అదే శాసనసభ మరో బిల్లు ఆమోదించింది. పదేళ్ళ జాగు కన్నడిగుల భయాన్ని తీర్చలేదు, వాయిదా వేసింది. కొత్త బిల్లులో తమిళులూ కన్నడిగులూ ప్రభుత్వంతో తమ భాషలో ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుకునే వీలు రాశారు. ఆ రక్షణ చాలునా చాలదా అన్న వాదం వేరే. వాదం ఎక్కడ జరగాలన్నదే నేను చెప్పేది. బిల్లులో ఒక్క వాక్యం మారితే అది మన పిల్లల దాకా వస్తుంది. బిల్లు సొరుగులో పడితే ఆ వాక్యం కూడా సొరుగులోనే ఉంటుంది.

సరైన పద్ధతికి ఉదాహరణ కూడా మన పక్కనే ఉంది. బోర్డుల మీద అరవై శాతం కన్నడం ఉండాలన్న కర్ణాటక ఆర్డినెన్సును 2024 జనవరిలో అక్కడి గవర్నరు తిప్పి పంపారు. సభ సమావేశం దగ్గరలోనే ఉంది, బిల్లుగా పెట్టుకోండి అన్నారు. ఫిబ్రవరిలో ఉభయసభలూ ఆమోదించాయి, ఆయన సంతకం చేశారు. బెంగుళూరులో తెలుగు దుకాణదారులకు అది నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టండి. కారణం చెప్పారు, వెంటనే చెప్పారు, సభ మాటకు తలవంచారు. గవర్నరు పని అంతే.

యానాం మిత్రులకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అక్కడ ఉన్నది కేంద్రపాలిత ప్రాంతం, లెఫ్టినెంటు గవర్నరుకు 1963 చట్టం ప్రకారం అధికారాలు ఎక్కువ. మా మిత్రుడు కోరుకునే బలమైన గవర్నరు వాళ్ళకు ముందే ఉన్నారు. 2016 నుంచి 2021 వరకు లెఫ్టినెంటు గవర్నరుకూ ముఖ్యమంత్రికీ సాగిన కలహంలో, 2019 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రే రాజ్‌నివాస్ ముందు రోజుల తరబడి బైఠాయించారు. ముప్పై మంది ఎన్నికైన సభ్యుల సభలో యానాంకు ఉన్నది ఒకే ఒక్క సీటు. ఆ ఒక్క సభ్యుడి మాటకు విలువ ఉండాలంటే సభకు విలువ ఉండాలి. సభ మీద మరొకరు కూర్చుంటే ముందు చిన్నబోయేది ఆ ఒక్క సీటే.

ఈ విషయంలో మనకు దారి చూపినవాడు మనలోనే ఉన్నాడు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి.వి.రాజమన్నారు మద్రాసులో స్థిరపడిన తెలుగువాడు, తెలుగు నాటక రచయిత. కొన్ని నెలలు మద్రాసు రాష్ట్రానికి తాత్కాలిక గవర్నరుగా కూడా ఉన్నారు. అంటే ఆ కుర్చీ లోతు ఆయనకు తెలుసు. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద తమిళనాడు ప్రభుత్వం 1969లో వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1971లో ఇచ్చిన నివేదికలో, గవర్నరు నియామకంలో రాష్ట్ర ప్రభుత్వాన్ని సంప్రదించాలనీ, ఒకసారి ఆ పదవి చేసినవాడికి మళ్ళీ పదవి ఉండకూడదనీ, 356వ అధికరణాన్ని తీసెయ్యాలనీ చెప్పారు. మళ్ళీ పదవి మీద ఆశ లేనివాడే నిష్పాక్షికంగా ఉంటాడన్నది అందులోని ఇంగితం. తమిళుల రాష్ట్రంలో ఉన్న ఒక తెలుగువాడు, ఆ రాష్ట్ర శాసనసభకు గౌరవం పెరగాలని కోరుకున్నాడు. తెలుగు మాత్రం వదులుకోలేదు. రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి. మనలో మాత్రం ఎందుకు ఇమడవు?

ఇమడాలి కూడా. ఎందుకంటే మనం అతిథులం కాము. ఈ నేలల్లో కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నవాళ్ళం. ఓటరు జాబితాలో మన పేరుంది, పన్నుల రసీదు మీద మన పేరుంది. ఎన్నుకున్న సభను పక్కన పెట్టి, ఎన్నిక కాని మనిషి దగ్గరికి దొడ్డిదారిన వెళితే, పక్కింటి తమిళుడూ కన్నడిగుడూ ఒరియావాడూ మనల్ని ఏమనుకుంటారు? వీళ్ళకు మన సభ మీద నమ్మకం లేదు, ఢిల్లీ మీదే ఉంది అనుకుంటారు. అలా అనుకున్న రోజు మన బడికి పంతుల్ని వేయించడానికి మన వార్డు సభ్యుడు కూడా నోరు విప్పడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అవుతుంది. పిల్లి పోతుంది, అది ఐదేళ్ళకో అంతకు ముందో బదిలీ అయ్యే పిల్లి. పక్క గూటి పిట్టతో కలిసి ఉండవలసింది మనం.

మెజారిటీ ఎప్పుడూ మన మాట వినదు అనేవాళ్ళకు ఒక్కటే అడుగుతాను. మనం ఎన్నిసార్లు చెప్పాం? మన నియోజకవర్గం ఎమ్మెల్యే చేత తెలుగు పంతుళ్ళ ఖాళీల మీద సభలో ఎన్ని ప్రశ్నలు వేయించాం? భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారికి మన సంఘాల్లో ఎన్ని రాశాయి? 2027 జనగణనలో మాతృభాష గడిలో మన ఇళ్ళలో ఎంతమంది తెలుగు అని రాయించబోతున్నారు? బడిలో తెలుగు సెక్షను మూసేస్తున్నారని గోల పెట్టే మనం, మన పిల్లల్లో ఎందరిని ఆ సెక్షనులో చేర్పించాం? ఈ పద్దులన్నీ మన ఖాతాలోనే ఉన్నాయి. వీటిలో నిల్వ లేకుండా రాజ్‌భవన్ మీద చెక్కు రాస్తే అది చెల్లదు.

గవర్నరు పదవిని రద్దు చెయ్యమని నేను అనడం లేదు. సభలో ఎవరికీ బలం లేనప్పుడు, పాత ప్రభుత్వం పోయి కొత్తది రావలసినప్పుడు ఒక పెద్దమనిషి అవసరమే. ఆ పెద్దమనిషి నిన్నటిదాకా పార్టీ కండువా వేసుకుని తిరిగినవాడు కాకూడదు. సర్కారియా కమిషన్ ఈ మాట చెప్పి నలభై ఏళ్ళు కావస్తోంది. బిల్లు మీద నిర్ణయానికి కోర్టు గడువు పెట్టలేదంటే, పార్లమెంటు 200వ అధికరణాన్ని సవరించి గడువు రాయాలి. రాష్ట్రపతికి పంపిన బిల్లుకూ ఆ గడువు ఉండాలి. మన సంఘాలు తీర్మానం చెయ్యదలచుకుంటే ఈ తీర్మానం చెయ్యాలి.

ఇక మా మిత్రుడి అర్జీ. దాన్ని చించెయ్యమని నేను చెప్పను. అందులోని ప్రతి అక్షరం నిజం: మూతపడ్డ బడులు, దొరకని వాచకాలు, ఖాళీ పోస్టులు. కవరు మీద చిరునామా మాత్రం మార్చమంటున్నాను. ఒక ప్రతి ఎమ్మెల్యేకు, ఒక ప్రతి విద్యామంత్రికి, ఒక ప్రతి 350బి అధికారికి పంపాలి. వాళ్ళు వినకపోతే నాలుగోది హైకోర్టుకు. ఒకసారి వినకపోతే మళ్ళీ మళ్ళీ పంపాలి. మన ఓటు అడగడానికి రాక తప్పనివాళ్ళకే ఆ ఉత్తరాలు వెళ్ళాలి.